కారు పాతబడినా తగ్గని ప్రీమియం

కారు ఏడాది పాతబడింది, విలువ తగ్గింది, నేను ఒక్క క్లెయిమూ చేయలేదు. అయినా ఈసారి బీమా ప్రీమియం పెరిగింది! ఎందుకని అడిగితే, కారు ధర ఒక్కటే కాదు, మరమ్మతు ఖర్చూ లెక్కలోకి వస్తుందన్నారు. నిజమే, ఇప్పుడు బంపర్లలో సెన్సార్లు, ముందు అద్దం వెనక కెమెరా. అద్దం పగిలితే కొత్తది బిగించడంతో సరిపోదు, కెమెరాను మళ్లీ సరిచేయాలి. నడిపేవారి వయసు, అనుభవం సరేసరి. కానీ మనం ఉండే ప్రాంతంలో దొంగతనాలు, ప్రమాదాలు ఎక్కువైతే ఆ భారం జాగ్రత్తగా నడిపేవాళ్ల మీదా పడుతుందట. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు. చివరికి, క్లెయిమ్ వచ్చినప్పుడు మొదట మన జేబులోంచి పెట్టుకునే మొత్తాన్ని పెంచుకున్నాను. ప్రీమియం కొంత దిగింది. ఆ సొమ్ము మాత్రం ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి మరి.