డైరీ: బ్రేకుల పని పెట్టుకున్న రోజు

ఈరోజంతా బ్రేకుల పనే. కారు నాలుగు స్టాండ్ల మీద ఉంది, చక్రాలు గోడకు ఆనించి ఉన్నాయి. రోజూ రోడ్డు మీద తిరగాలి, అప్పుడప్పుడు రేసు ట్రాక్ మీద ఇరవై నిమిషాల సెషన్లూ తట్టుకోవాలి. రెండింటికీ ఒకే బ్రేకులు సరిపోవాలంటే ఏది మార్చాలో, దేన్ని ముట్టుకోకూడదో తేల్చుకున్నాకే స్పానర్ పట్టుకోవాలి.

చక్రంతో పాటు తిరిగే డిస్కును పెద్దది వేసి, దాన్ని ప్యాడ్లతో రెండు వైపులా నొక్కే కాలిపర్‌ను ఆరు పిస్టన్లది వేస్తే కారు తొందరగా ఆగుతుందని చాలామంది నమ్మకం. గట్టిగా తొక్కగానే ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా ఆపే ఏర్పాటు) పనిచేస్తోందంటే, టైరు పట్టును మించిన బలం ఆ బ్రేకులకు అప్పటికే ఉన్నట్టు. ఇంకా దగ్గర్లో ఆగాలంటే మార్చాల్సింది టైరు. ట్రాక్ మీద తేడా తెలిసేది మొదటి బ్రేకుతో కాదు, పదిహేనో బ్రేకుతో. అక్కడ లెక్కంతా వేడిది.

1,500 కిలోల కారు 200 కిలోమీటర్ల వేగం నుంచి 80కి దిగితే సుమారు 19 లక్షల జౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు బ్రేకుల మీద పడుతుందనుకుందాం. ముందు డిస్కులు రెండూ కలిపి 20 కిలోలుంటే, ఒక్కసారి తొక్కితే చాలు, వాటి ఉష్ణోగ్రత 140 డిగ్రీల వరకు పెరుగుతుంది. తర్వాతి మలుపులోపు ఆ వేడి గాలికి పోకపోతే మీద మీద పేరుకుంటుంది. 1953లో జాగ్వార్ సీ-టైప్ కారు లే మాన్స్ 24 గంటల రేసు గెలిచింది డిస్క్ బ్రేకులతోనే. పాత పద్ధతి డ్రమ్ము బ్రేకులు వేడెక్కి నీరసించే చోట అవి గంటల తరబడి ఒకేలా పట్టాయి.

అందుకే ఈరోజు వరుస ఇది: బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, గాలి దారి. డిస్కులు, కాలిపర్ల సంగతి వీటి తర్వాతే.

మామూలు డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్‌కు ప్రమాణం ప్రకారం కొత్తగా ఉన్నప్పుడు కనీస మరుగు స్థానం 230 డిగ్రీలు. అది గాల్లోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. నీరు 3.7 శాతానికి చేరిన ఆయిల్‌కు అదే కనీసం 155కి పడిపోతుంది. కాలిపర్‌లో ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకుపోతుంది కాబట్టి పెడల్ నేలకు దిగుతుంది, కారు మాత్రం ఆగదు. మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 లాంటి రేసింగ్ ఆయిల్ కొత్తలో 312 డిగ్రీల దాకా మరగదు. క్యాస్ట్రాల్ ఎస్ఆర్ఎఫ్ తేమ పట్టాక కూడా 270 వరకు నిలుస్తుంది. రోడ్డు మీదా తిరిగే కారుకు డబ్బా మీద చూడాల్సింది తేమ పట్టాక ఉండే ఈ రెండో అంకెనే. డాట్ 5 మాత్రం సిలికాన్ ఆయిల్, డాట్ 4తో కలపకూడదు. డాట్ 5.1 వేరు, అది డాట్ 4 కుటుంబమే. పేర్లు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి.

ఆయిల్ మార్చి పైపుల్లోంచి గాలి తీసే పనికి ఒక లీటరు ఆయిల్ చేతిలో ఉండాలి. మొదట కారులోని బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఉన్న పాత ఆయిల్‌ను సిరంజితో లాగేసి కొత్తది నింపితే సగం మురికి పైపుల్లోకి పోకుండానే బయటపడుతుంది. చక్రాల వరుస కారు మాన్యువల్ చెప్పినట్టే. కాలిపర్ మీద గాలి తీయడానికి ఉండే నిపుల్‌కు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో కొసను ఆయిల్ ఉన్న సీసాలో ముంచాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టుకుంటే ఇంకొకరు నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయాలి. పెడల్ వదిలేలోపే మళ్లీ బిగించాలి, లేదంటే బయటి గాలి వెనక్కి పోతుంది. మొదట టీ రంగు ఆయిల్, దాని వెంట ఆవగింజంత బుడగలు, చివరికి తేనె రంగులో తేటగా కొత్తది వస్తాయి. పాత కారైతే పెడల్ కింద చెక్క ముక్క పెట్టాలి. రోజూ పిస్టన్ చేరని చోట మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను నెట్టేది) గోడ గరుకెక్కి ఉంటుంది, అక్కడిదాకా తొక్కితే సీలు చిరుగుతుంది. ఎంత గాలి తీసినా పెడల్ మెత్తగానే ఉందంటే ముందు నిపుల్ ఎటు ఉందో చూడాలి. కుడి కాలిపర్ ఎడమకు బిగిస్తే నిపుల్ కిందికి వస్తుంది, గాలి పైనే ఇరుక్కుంటుంది.

మధ్యాహ్నం కాలిపర్లకు ఆయిల్ చేర్చే హోస్‌లు. రబ్బరువి తీసి స్టీల్ అల్లికవి వేయడం వల్ల కారు ముందుగా ఆగదు. పెడల్ కాస్త గట్టిపడి, ఎంత తొక్కుతున్నామో కాలికి తెలుస్తుంది, అంతే. బోల్టుకు రెండు వైపులా కొత్త రాగి వాషర్లు తప్పనిసరి. బిగించాక స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి హోస్ ఎక్కడా లాగకుండా, రుద్దుకోకుండా ఉందో లేదో చూడాలి.

ప్యాడ్ల దగ్గరే అసలు బేరం. ట్రాక్ ప్యాడ్ వేడెక్కాక బాగా పడుతుంది కానీ చలి ఉదయాన మొదటి సిగ్నల్ దగ్గర జారుతున్నట్టుంటుంది, కీచుమంటుంది, డిస్కును గబగబా అరగదీస్తుంది. రోడ్డు ప్యాడ్ మొదటి తొక్కునుంచే పడుతుంది. ట్రాక్ మీద హద్దు దాటాక మాత్రం పెడల్ రాయిలా గట్టిగా ఉన్నా కారు ఆగదు. ఈ తేడా గుర్తుంచుకోవాలి: పెడల్ మెత్తబడితే ఆయిల్, గట్టిగానే ఉండి పట్టు పోతే ప్యాడ్. ఒకే ప్యాడ్‌తో రెండూ నెట్టుకురావాలని చూడటం కన్నా ట్రాక్‌కు వెళ్లేముందు ప్యాడ్లు మార్చుకోవడమే మేలు. కాకపోతే రెండు రకాలూ ఒకే తయారీదారువి, ఒకే డిస్కు మీద కలిసి నడిచేవి అయ్యుండాలి.

కొత్త ప్యాడ్‌ను అలవాటు చేయడానికి 100 కిలోమీటర్ల వేగం నుంచి 20 వరకు ఎనిమిది, పది సార్లు గట్టిగా తగ్గించాలి. మధ్యలో పూర్తిగా ఆగకూడదు. ఆ తర్వాత బ్రేకు ముట్టుకోకుండా చల్లారేదాకా నడపాలి. వేడి డిస్కును ప్యాడ్ అలాగే పట్టుకుని నిలబడితే ఆ చోట ప్యాడ్ పదార్థం మందంగా అంటుకుంటుంది. స్టీరింగ్ వణికితే 'డిస్కు వంగింది' అంటారు కానీ చాలాసార్లు కారణం ఈ మచ్చే, లేదంటే డిస్కు బిగించే హబ్ మీద తుప్పు. హబ్‌ను వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది, డిస్కు బిగించి, ఊగుడు కొలిచే డయల్ గేజ్ పెట్టి చూడాలి. ఊగుడు 0.05 మిల్లీమీటర్లు దాటితే డిస్కును హబ్ మీద ఇంకో రంధ్రానికి తిప్పి మళ్లీ కొలవాలి.

పాత డిస్కులు రంధ్రాలవి. లైటు పక్క నుంచి పడేలా పట్టుకుంటే రంధ్రాల అంచుల నుంచి వెంట్రుకంత గీతలు బయలుదేరడం కనిపిస్తుంది. గోటికి తగలనంత సన్నగా ఉంటే వేడి గీతలు. గోరు ఆగితే, ఒక రంధ్రం నుంచి ఇంకోదానికి పాకితే, డిస్కు అంచును చేరితే మాత్రం అది పక్కన పడేయాల్సిన డిస్కే. ట్రాక్‌కు గాట్లున్నవి గానీ సాదావి గానీ చాలు. లోపల గాలి ఆడేందుకు వంపు రెక్కలున్న డిస్కులకు కుడి ఎడమలుంటాయి. పై భాగంలో చూస్తే రెక్కలు బయటికి వచ్చేకొద్దీ కారు వెనకవైపుకు వాలాలి. చాలామంది గాట్లు చూసి బిగిస్తారు, చూడాల్సింది రెక్కల్ని.

గాలి గొట్టాన్ని ముందు బంపర్ నుంచి డిస్కు మధ్యకు, రెక్కల మొదట్లోకి తేవాలి. ఒక ముఖం మీదికే ఊదితే రెండు వైపులా వేడి సమంగా ఉండక పగుళ్లొస్తాయి. డిస్కు వెనక ఉండే దుమ్ము రేకు తీసేస్తే బాల్ జాయింట్ రబ్బరు, ఏబీఎస్ సెన్సార్ వైరు వేడికి మాడతాయి. రేకును ఉంచి, గొట్టానికి సరిపడా కన్నం కోస్తే చాలు.

పెద్ద డిస్కులు, కాలిపర్లున్న పెద్ద కిట్‌ను ఈరోజు పెట్టెలోంచి తీయడం లేదు. ముందు డిస్కు పెద్దదైతే, పిస్టన్ల మొత్తం వైశాల్యం కూడా పెరిగితే, బలమంతా ముందుకే పోతుంది. ముందు టైర్లు ముందే లాక్ హద్దుకు వస్తాయి, వెనక బ్రేకులు సోమరిగా ఉంటాయి, ఆగే దూరం తగ్గడం పోయి పెరుగుతుంది. ఆయిల్ ఎక్కువ నెట్టాలి కాబట్టి పెడల్ ప్రయాణమూ పెరుగుతుంది. ఆలోచించి చేసిన కిట్‌లో పెద్ద డిస్కుకు తగ్గట్టు పిస్టన్ వైశాల్యం కాస్త తగ్గి ఉంటుంది.

ఆ కిట్ అవసరమా కాదా అన్నది వేడికి రంగు మారే ఉష్ణోగ్రత రంగులు చెబుతాయి. డిస్కు అంచున మూడు చుక్కలు పెట్టాను: ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర మారతాయి. సెషన్ చివరి రౌండు బ్రేకు పెద్దగా వాడకుండా తిప్పి, హ్యాండ్ బ్రేక్ వేయకుండా గేర్లో నిలిపి, చక్రాల నట్లు చల్లారాక టార్క్ రెంచ్‌తో మళ్లీ చూసి, అప్పుడు చుక్కలు చూడాలి. ఆకుపచ్చ ఒక్కటే మారితే ఈ డిస్కులు చాలు. ఎరుపు కూడా మారితే, గాలి గొట్టం సరిగ్గానే ఉందని తేలాక, పెట్టె తెరవొచ్చు.