కీబోర్డును మిల్లీమీటర్లలో చెప్పడం

మా అక్క ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచరు. ల్యాబులో పిల్లలకి ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) నేర్పడానికి గోడ చార్టు కావాలంది. నెట్లో దొరికే బొమ్మల్లో ఎంటర్ కీ రెండు వరసల ఎత్తున వంకరగా ఉంటుంది, ల్యాబులో ఉన్నది ఒకే వరసలో పొడుగ్గా ఉంటుంది. పిల్లలు బొమ్మనీ కీబోర్డునీ పోల్చుకోలేకపోతున్నారట. "ఒరేయ్, నువ్వే గీసివ్వు" అంది. అలా ఎక్స్‌కేబీ జామెట్రీ ఫంక్షన్లు, అంటే కీబోర్డు ఆకారాన్ని కొలతలతో ప్రోగ్రాములో వర్ణించే ఫంక్షన్లు, పట్టుకున్నాను.

లినక్సులో తెరనీ కీబోర్డునీ నడపడానికి మనం ఏళ్ళుగా వాడుతున్న ఎక్స్ విండో సిస్టంలో కీబోర్డు సంగతులు చూసేది ఎక్స్‌కేబీ. 1996లో వచ్చిన ఎక్స్11 ఆర్6.1 నుంచి అది ప్రామాణిక భాగం. కీ ఎక్కడుంది, దాని పేరేంటి, నొక్కితే ఏ అక్షరం వస్తుంది అనే మూడు విషయాల్నీ అది విడివిడిగా ఉంచింది. నాకు బాగా నచ్చింది ఇదే. జామెట్రీకి తెలుగూ తెలీదు, ఇంగ్లీషూ తెలీదు. దానికి తెలిసింది ఏసీ08 అనే పేరున్న కీ ఫలానా చోట ఉందని మాత్రమే. పేరులో మొదటి ఏ అక్షరాల భాగానికి గుర్తు, రెండో అక్షరం వరస: స్పేస్‌బార్ ఉన్న వరస ఏ, అక్కణ్ణుంచి పైకి బీ, సీ, డీ, ఈ. సీ వరసలో ఎనిమిదోది ఇంగ్లీషులో కె, ఇన్‌స్క్రిప్ట్‌లో క. దాని పక్కనున్న ఏసీ09 త. అందుకే జామెట్రీ ఒక్కసారి రాస్తే చాలు, ఏ భాష చార్టుకైనా పనికొస్తుంది.

ముందు అలాక్ జామెట్రీని పిలిచి, ఎన్ని రంగులు, ఎన్ని ఆకారాలు, ఎన్ని సెక్షన్లు (కీబోర్డులో భాగాలు) కావాలో చెప్పాలి. తర్వాత ఆకారాన్ని చేర్చే యాడ్ జామ్ షేప్, దాని లోపల అంచు గీతని చేర్చే యాడ్ జామ్ అవుట్‌లైన్. అవుట్‌లైన్‌కి ఒక్క బిందువు ఇస్తే సున్నా నుంచి అక్కడిదాకా దీర్ఘచతురస్రం. రెండిస్తే అవి ఎదురెదురు మూలలు. మూడూ అంతకన్నా ఎక్కువైతే బహుభుజి, ఆ వంకర ఎంటర్ అలాగే పుడుతుంది. మామూలు కీకి రెండు అవుట్‌లైన్లు: 18 మిల్లీమీటర్ల అడుగు, దాని లోపల వేలు తగిలే చిన్న ముఖం. ఈ ఫంక్షన్లున్న ఎక్స్‌కేబీ లైబ్రరీలో కొలతలన్నీ మిల్లీమీటరులో పదో వంతుల్లో ఉంటాయి కాబట్టి 18 అని కాదు, 180 అని రాయాలి.

ఆ తర్వాత సెక్షన్, అందులో వరస, వరసలో కీ. కీకి సొంత స్థానం ఉండదు. ముందు కీకీ దీనికీ మధ్య ఎంత ఖాళీ ఉందో, అంతే చెబుతాం. మిగతాది వరస లెక్కేసుకుంటుంది. క్యాప్స్ లాక్ వెడల్పు మారిస్తే ఆ వరసంతా జరుగుతుంది, మనం ఇంకేమీ ముట్టుకోనక్కర్లేదు. సెక్షన్‌కి కోణం కూడా ఇవ్వొచ్చు, డిగ్రీలో పదో వంతుల్లో. రెండు సగాలుగా విడిపోయి వాలుగా ఉండే కీబోర్డుల్ని ఇలాగే వర్ణిస్తారు.

సీ భాషలో ప్రోగ్రాం రాసేవాళ్ళు ఒకటి గమనించాలి. మొదట చెప్పిన సంఖ్య దాటి కొత్తవి చేరిస్తే లైబ్రరీ మెమరీని వేరే చోటికి మార్చొచ్చు, అప్పుడు అంతకుముందు దాచుకున్న పాయింటర్లు (మెమరీలో చిరునామాలు) చెల్లవు. కీ మాత్రం తన ఆకారాన్ని పాయింటరుగా కాకుండా ఆకారాల జాబితాలో అది ఎన్నోదో ఆ సంఖ్యగా గుర్తుపెట్టుకుంటుంది. మన కోడు కూడా అదే చేస్తే టెన్షన్ ఉండదు.

అసలు కొలతలే ఉన్నాయి కాబట్టి చార్టుని నిజమైన సైజులోనే అచ్చు వేయొచ్చు. అక్షరాల భాగం వెడల్పు సుమారు 285 మిల్లీమీటర్లు, అడ్డంగా పెట్టిన ఏ4 కాగితం 297. కాస్త ఇరుకే, కానీ పడుతుంది. ఆ కాగితం మీద పిల్లలు వేళ్ళు పెట్టి సాధన చేయొచ్చు, కంప్యూటరు కోసం వంతు వచ్చేదాకా ఆగక్కర్లేదు. గోడకి మాత్రం రెండింతలు పెంచి వేయించాను.

ఇప్పుడు ఎక్స్ స్థానంలో వస్తున్న వేలాండ్ వైపు వాడే లిబ్‌ఎక్స్‌కేబీకామన్ అనే లైబ్రరీ జామెట్రీని చదివి వదిలేస్తుంది, లోపల ఉంచుకోదు. టైప్ చేయడానికి అది అక్కర్లేదు, నిజమే. కానీ టైపింగ్ నేర్పేవాళ్ళకి కావాలి. స్క్రీన్ మీద కీబోర్డు బొమ్మ చూపించే ప్రతి ప్రోగ్రాం ఈ కొలతల్ని మళ్ళీ మొదటినుంచి రాసుకోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఎక్స్‌కేబీ ఫోల్డరులో జామెట్రీ కింద పీసీ అనే ఫైలు ఉంటుంది, అందులో పీసీ104 చూడండి. మన దగ్గర ఎక్కువగా దొరికే కీబోర్డు అదే.