జట్పురా గేటు నుంచి మహాకాళి గుడి దాకా: చంద్రపూర్ పాత బజారులో ఒక నడక

మహారాష్ట్రలోని చంద్రపూర్ పేరు చెప్పగానే తెలంగాణలోని మా బంధువులకు తాడోబా పులులు, చైత్రమాసంలో జరిగే మహాకాళి జాతర తప్ప మరొకటి గుర్తుకు రాదు. బల్లార్షా స్టేషనులో దిగి, అడవి చూసుకొని, అమ్మవారికి మొక్కు చెల్లించి, సాయంత్రం బండికి వెళ్ళిపోతారు. అలా వచ్చిన ప్రతివారినీ నేను బతిమాలి ఒక పూట ఆపి, జట్పురా గేటు దగ్గర మొదలుపెట్టి గాంధీ చౌక్ మీదుగా అంచలేశ్వర్ గేటు దాకా నడిపిస్తాను. ఈ ఊరి బజారు ఇలా ఎందుకు ఉన్నదో తెలియాలంటే ముందు పాత ఊరి కోటగోడను చూడాలి. గోడను చూడాలంటే కాళ్ళకు పని చెప్పాలి.

గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షా బల్లార్పూర్ (బల్లార్షా స్టేషను ఉన్న ఊరే) నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. ఒంటినిండా పుండ్లతో బాధపడుతున్న రాజు వేటకు వచ్చి ఝర్పట్ వాగు నీళ్ళు ముట్టుకోగానే ఉపశమనం కలిగిందనీ, ఆ తరవాత ఒక కుందేలు తన వేటకుక్కనే తరమడం చూసి, ఆ రెండూ పరుగెత్తిన దారి వెంబడే కోటగోడ వేయించాడనీ ఇక్కడి కథ. కుక్కను కుందేలు తరిమిన చోటు అనే కథ మన వైపు కూడా రెండు మూడు ఊళ్ళకు ఉన్నది గనుక నేను దాని జోలికి ఎక్కువగా పోను. గోడ మాత్రం కథ కాదు. తరవాతి రాజుల కాలంలో పూర్తయిన ఆ గోడ దాదాపు 11 కిలోమీటర్ల పొడవున పాత ఊరిని చుట్టి ఉన్నది. దానికి నాలుగు పెద్ద ద్వారాలు, జట్పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్బా అని. ఇవి కాక మనుషులు దూరిపోయేందుకు ఐదు చిన్న ద్వారాలు, వాటిని ఊళ్ళోవాళ్ళు ఖిడికీలు అంటారు.

జట్పురా గేటు దగ్గరికి ఉదయం ఎనిమిది లోపే చేరుకోవాలి. పది దాటిన తరవాత ఆ కమాను కింద నిలబడి తల పైకెత్తడం ఎవరివల్లా కాదు. వెనుక నుంచి ఆటో హారను, పక్క నుంచి స్కూటరు అద్దం మనలను ముందుకు నెట్టేస్తాయి. ఖాళీగా ఉన్న వేళ కమానుకు అటూ ఇటూ రాతిలో చెక్కిన బొమ్మను నింపాదిగా చూడవచ్చు. సింహం వంటి మృగం ఒకటి ఏనుగును కాళ్ళ కింద అణచి పట్టి ఉంటుంది. అది గోండు రాజుల చిహ్నం. మృగంతో పోలిస్తే ఏనుగు ఎంత చిన్నదిగా ఉంటుందంటే, మా అక్క కొడుకు మొదటిసారి చూసి అది పందిపిల్ల అనుకున్నాడు. ఏనుగును లొంగదీసుకున్నామని చెప్పుకొనే రాజు దానిని కావాలనే కుదించి చెక్కించాడని నా అభిప్రాయం.

గేటు దాటితే గాంధీ చౌక్ వరకు బట్టల కొట్లు, మొబైల్ దుకాణాలు, చెప్పుల షోరూములు వరుసగా ఉంటాయి. ఇవి ఏ జిల్లా కేంద్రంలోనైనా ఉండేవే కనుక ఇక్కడ ఆగవలసిన పని లేదు. ఆగవలసింది గోల్ బజారులో. ఆకుకూరల వరుసలో గోంగూర అంబాడీ పేరుతో కట్టలు కట్టలుగా కనబడుతుంది. ఆ పక్కనే వెదురు బుట్టలు, చేటలు, ఇత్తడి సామాను. బొగ్గుగనుల కొలువుల కోసం, బల్లార్పూర్ కాగితపు మిల్లు కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. జీతాలు పడిన వారంలో ఇక్కడ బేరం మరాఠీలో మొదలై, హిందీలో ముదిరి, తెలుగులో తెగుతుంది. ఇక్కడే పోహా తినాలి. మన అటుకుల ఉప్మాకు అది చుట్టమే గాని, దాని మీద శనగలతో కాచిన ఎర్రటి తర్రీ గరిటెడు పోసి, పైన పచ్చి ఉల్లిపాయ చల్లి ఇస్తారు. మొదటి ముద్దకే ముక్కు కారుతుంది. రెండోసారి తర్రీ అడగనివాడిని నేను ఇంతవరకు చూడలేదు.

బజారు దాటి పాత ఊరిలోపలికి నడిస్తే జిల్లా కారాగారం వస్తుంది. ఇది ఒకప్పటి గోండు రాజుల మహలు. ఆంగ్లేయులపై తిరగబడిన మొలంపల్లి జమీందారు బాబురావు శేడ్మాకేను 1858 అక్టోబరు 21న ఇక్కడే ఉరితీశారు. అహేరి, సిరొంచ ప్రాంతాల నుంచి వచ్చినవారిని ఇక్కడికి తప్పకుండా తీసుకువస్తాను. ఆయన పోరాడింది వాళ్ళ అడవుల్లోనే. కారాగారం ఆవరణలో ఒక దర్గా కూడా ఉన్నది. మొహర్రం రోజుల్లో జైలు తలుపులు సామాన్య జనానికి తెరుస్తారు, మతభేదం లేకుండా జనం వరుస కట్టి లోపలికి వెళ్ళి దర్శనం చేసుకొని వస్తారు.

అంచలేశ్వర్ గేటు వైపు తిరిగేసరికి బజారు స్వభావమే మారిపోతుంది. పసుపు, కుంకుమ, గాజులు, కొబ్బరికాయలు, అమ్మవారి చీరలు. గేటు బయట అంచలేశ్వర ఆలయం, దానిని ఆనుకొని గోండు రాజుల సమాధులు ఉన్నాయి. వాటిలో అందరి కన్నూ పడేది బీర్‌షా సమాధి. అంగరక్షకుడి చేతిలో హతుడైన భర్త కోసం రాణి హిరాయి దీనిని కట్టించింది. 18వ శతాబ్ది ఆరంభంలో దత్తపుత్రుడి పేరిట రాజ్యాన్ని నడిపినదీ, మహాకాళి ఆలయాన్ని ఇప్పటి రూపానికి తెచ్చినదీ ఆమెయే. ఇంత చేసిన రాణి పేరు మన జాతర భక్తులలో నూటికి ఒకరికి కూడా తెలియదు.

చైత్ర పౌర్ణమి రోజుల్లో ఈ దారిలో వినబడేది దాదాపు సగం ఆదిలాబాదు తెలుగే.

"గుడి ఇంకెంత దూరముంది బిడ్డా?" అని ఒక ముసలమ్మ అడిగితే, గాజుల కొట్టు ఆమె తల ఎత్తకుండానే, "గేటు దాటినవు గద అవ్వా, వచ్చినట్టే" అంటుంది.

జట్పురా గేటు పక్కన గోడను కొంత తొలగించి దారి వెడల్పు చేయాలనే మాట ఊళ్ళో ఎప్పుడూ నలుగుతూనే ఉంటుంది. రోజూ ఆ రద్దీలో ఇరుక్కొనేవాడిగా ఆ మాట అనేవారి విసుగు నాకు అర్థమవుతుంది. అయితే రాకపోకలన్నీ ఆ ఇరుకు కమాను గుండా సాగవలసి రావడం వల్లనే ఈ వీధికి వందల ఏళ్ళుగా గిరాకీ నిలిచిందన్న సంగతి దుకాణదారులకు మరొకరు చెప్పవలసిన పని లేదు. గోడ కొట్టే బదులు కమాను కింద పగటిపూట ఆటోలను ఆపి, నడిచేవారికి వదిలితే చాలునని నా వాదన. పైగా తుప్పలు, చెత్తాచెదారంతో నిండిపోయిన ఈ గోడను 2017లో స్థానిక యువకులు నెలల తరబడి శుభ్రం చేశారు. ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో కూడా ఆ పని ప్రస్తావనకు వచ్చింది. అంత చెమటోడ్చి బయటికి తీసిన రాయిని ట్రాఫిక్ పేరు చెప్పి పడగొడదామనడం ఏ లెక్కన చూసినా సబబు కాదు.

రాదలచుకొన్నవారు దీపావళి తరవాత, మాఘమాసం లోపల రండి. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, అప్పుడు ఈ నడక నేను కూడా నడవను. గుడి దగ్గర నుంచి బల్లార్షా వైపు తిరిగి వెళ్ళడానికి ఆటోలు, బస్సులు దొరుకుతాయి.