రాగి జావ మానేసి మళ్లీ అన్నం తింటున్నాను

షుగర్ అని తేలిన రోజు ఇంటికొచ్చి నేను చేసిన మొదటి పని, బియ్యం డబ్బాని వంటింట్లోంచి తీసి మా అత్తమ్మ గదిలో పెట్టడం. కళ్లెదురుగా ఉంటే మనసు ఆగదని. మాది కోవూరు పక్కన పల్లె, పెన్న నీళ్లతో వరి పండే నేల, మా తాతల కాలంలో మొలగొలుకుల అన్నం పెడితేనే మర్యాద చేసినట్టు. పుట్టింట్లోనూ అంతే, పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రీ అన్నమే. అలా పెరిగిన నాకు 41 ఏళ్లకే హెచ్‌బీఏ1సీ 8.9 వచ్చింది. అది రక్తంలో చెక్కరకి మూడు నెలల సగటు కాబట్టి, ముందు రోజు ఉపవాసం ఉండి తప్పించుకునే లెక్క కాదు. తెలిసినవాళ్లందరిదీ ఒకటే మాట: అన్నం మానెయ్, రాగి జావ తాగు.

మానేశాను. మూడు నెలలు ఒక్క ముద్ద ముట్టలేదు. పొద్దున పెద్ద గ్లాసుడు రాగి జావ తాగి బడికి వెళ్తే పదకొండింటికల్లా కడుపులో మంట, పిల్లల మీద ఊరికే విసుగు. రాత్రి మూడు చపాతీలు. ఇంట్లో వాళ్లంతా పప్పు, నెయ్యి వేసుకుని తింటుంటే నేను తల వంచుకుని చపాతీ తుంచుకునేదాన్ని. ఇంత చేశాక మళ్లీ పరీక్ష చేయిస్తే 8.6. ఆ కాగితం పట్టుకుని ఆటోలోనే ఏడ్చేశాను.

డాక్టరు గారు కోప్పడలేదు. "జావ తాగిన రెండు గంటలకి ఎప్పుడైనా చూసుకున్నావా అమ్మా?" అని అడిగారు. చూసుకోలేదు. పరగడుపున చూసుకోవడం తప్ప ఇంకోటి ఉందని కూడా నాకు తెలీదు. ఆ సాయంత్రమే గ్లూకోమీటర్ కొన్నాం. మర్నాడు పరగడుపున 138, జావ తాగిన రెండు గంటలకి 241. యంత్రం తప్పు చూపించిందేమోనని రెండు రోజులాగి మళ్లీ చూశాను, 236. తిన్న రెండు గంటలకి 180 దాటకూడదని ఆయన నాకు పెట్టిన హద్దు.

రాగులు చెడ్డవని కాదు. వాటిలో పీచుంది, కాల్షియం ఉంది. కానీ పిండిపదార్థం వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల దాకా ఉంటే రాగుల్లోనూ 70కి దగ్గరగానే ఉంటుంది. దాన్ని మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో పలచగా ఉడికించి తాగేస్తే ఇక పేగులకి చేయాల్సిన పనేం మిగులుతుంది, అరగడానికి ముందే సగం అరిగిపోయినట్టు ఉంటుంది, అందుకే చెక్కర గబగబా రక్తంలోకి వచ్చి పడుతుంది. అదే పిండితో చిన్న సంగటి ముద్ద చేసుకుని, తోటకూర పప్పుతో, ఒక గుడ్డుతో తిన్న రోజు నాకు 171 వచ్చింది. గింజ అదే, మారింది వండిన తీరూ, పక్కన తిన్నవీ.

అక్కడి నుంచి బడిలో మిగిలిన ఒక లాంగ్ నోటుబుక్ తెచ్చి రాయడం మొదలుపెట్టాను. స్ట్రిప్పులు ఖరీదు, రోజూ పొడుచుకోలేను, అందుకని వారానికి ఒక వంటకం: తినే ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న రెండు గంటలకి ఇంకోసారి. నాలుగు ఇడ్లీలు చెట్నీతో తింటే ఎక్కువ, రెండు ఇడ్లీలు గిన్నెడు ముక్కల సాంబారుతో తింటే పర్వాలేదు. జామకాయ తింటే పెద్దగా కదల్లేదు, సపోటా తింటే ఎగిరింది. బెల్లం టీకీ చెక్కర టీకీ నా పుస్తకంలో తేడా కనపళ్లేదు, బెల్లమైతే ఏం కాదని చెప్పేవాళ్లు ఒక్కసారి కొలిచి చూడండి.

అన్నం మళ్లీ ఎలా వచ్చిందో చెప్తాను. మన ఇళ్లలో ముందు హస్తంతో అన్నం గుట్టగా పెట్టి, మధ్యలో గుంట చేసి పప్పు పోస్తారు, కూర ఒక మూల నంజుకోవడానికి ఉన్నట్టు ఉంటుంది. నేను దాన్ని తిరగేశాను. ముందు గిన్నెడు కూర, బీరకాయో చిక్కుడుకాయో గోరుచిక్కుడో, ఉత్తదే తినేస్తాను. తర్వాత కాస్త గట్టి పప్పు. ఆ తర్వాతే అన్నం, అదీ ఒక చిన్న స్టీలు గిన్నెతో తలకొట్టి కొలిచింది, తూకం వేస్తే ఉడికిన అన్నం 150 గ్రాములుంది, అంటే దాదాపు 40 గ్రాముల పిండిపదార్థం. పీచూ, మాంసకృత్తులూ ముందు లోపలికి వెళ్తే వెనక వచ్చే అన్నం మెల్లగా అరుగుతుంది. మొదటి వారం ఉత్త కూర తినడం కష్టంగా ఉండింది, ఉప్పూ కారం తగ్గించి వండుకున్నాక అలవాటైపోయింది.

ఆదివారం చేపల పులుసు దగ్గర మాత్రం నాకు భయమేసింది. బొచ్చె చేప, మామిడికాయ ముక్కలు వేసి, శనివారం రాత్రే కాచి పెట్టేస్తుంది అత్తమ్మ, తెల్లారేసరికి పులుసు చిక్కబడి నూనె పైకి తేలి ఉంటుంది. దాంతో అన్నం ఎంత లోపలికి పోతుందో మాకే తెలీదు, అసలు చిక్కంతా అక్కడే. ఇప్పుడు ముందు పళ్లెంలో రెండు చేప ముక్కలు పెట్టుకుని, ముళ్లు తీసుకుంటూ నిదానంగా తింటాను. సగం ఆకలి అక్కడే తీరిపోతుంది. తర్వాత ఆ చిన్న గిన్నెడు అన్నంలో పులుసు. మొదటిసారి అలా తిన్న రోజు రెండు గంటలయ్యేదాకా టెన్షన్‌తో గోడ గడియారం చూస్తూ కూచున్నాను. 164. అత్తమ్మకి చూపిస్తే ఆమెకి ఆ అంకె అర్థం కాలేదు గానీ నా మొహం అర్థమైంది, లేచి వెళ్లి బియ్యం డబ్బా మళ్లీ వంటింట్లో పెట్టింది.

రాత్రి తిన్నాక పదిహేను నిమిషాలు కాలవ గట్టు మీద నడుస్తాను. కండరాలు కదిలితే రక్తంలో చెక్కరని అవే వాడుకుంటాయి. వర్షం పడితే వరండాలోనే అటూ ఇటూ.

ఒక విషయంలో నాకు బాగా కోపం వస్తుంది. మా వీధిలో ఒకాయన కాకరకాయ రసం తాగుతున్నానని మాత్రలు ఆపేశాడు, కాలి పుండు మానక ఆస్పత్రిలో పడ్డాడు. కాకరకాయ కూరగా తినండి, మంచిదే, మాత్రని మాత్రం డాక్టరుని అడక్కుండా ఆపొద్దు. అలాగే మా అక్క శనివారం ఒక్కపొద్దు ఉండి, షుగర్ తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర మాత్రం వేసుకుంది, మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు, మాట తడబడింది. చూస్తే 58. 70 కంటే కిందికి పడితే మూడు చెంచాల చెక్కర నీళ్లలో కలిపి వెంటనే తాగాలి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూసుకోవాలి. ఆ ఒక్క సమయంలో చెక్కరే మందు. అప్పటి నుంచి నా బ్యాగులో ఒక చెక్కర పొట్లం ఉంటుంది.

పైన రాసిన అంకెలన్నీ నా ఒంటివి. మీకు ఇడ్లీ పడొచ్చు, నాకు పడింది మీకు పడకపోవచ్చు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పు, చేపలు ఎంత తినాలో ముందు డాక్టరునే అడగాలి.

పోయిన నెల పరీక్షలో 6.9 వచ్చింది. ఇప్పుడు అమ్మకీ షుగర్ ఉందని తేలింది. నిన్న ఫోన్ చేసి, రాగులు పిండి పట్టించానే, రేపటి నుంచి జావే అంటోంది. ఆదివారం గ్లూకోమీటరూ ఆ చిన్న స్టీలు గిన్నే తీసుకుని పోతున్నాను.