పాలకాయతిప్ప దారిలో ఎర్రటి పర్ర

మాఘ పౌర్ణమికి హంసలదీవి వెళ్లేవాళ్లు వేణుగోపాలస్వామి గుడి చూసుకుని, సముద్ర స్నానం చేసి తిరిగొచ్చేస్తారు. బావా, నేనూ రద్దీ తగ్గాక మర్నాడు విజయవాడ నుంచి కరకట్ట మీదుగా అవనిగడ్డ, కోడూరు దాటి బైక్ మీద వెళ్లాం. నా ధ్యాసంతా పాలకాయతిప్ప దారి పక్కన ఉండే ఉప్పు పర్ర మీదే, అంటే సముద్రపు పోటు నీళ్లు ఎక్కి దిగే ఉప్పు నేల మీదే.

"ఏముందిరా ఇక్కడ, చవిటి నేల" అన్నాడు బావ. దూరం నుంచి అలాగే ఉంటుంది. కూర్చుని చూస్తే మోకాలెత్తు లేని ఇలకూర మొక్కలు, పల్లంలో పచ్చగా, ఉప్పు పేరుకున్న మిట్టన ఎర్రగా. బొద్దుగా ఉన్న ఆకు చిదిమి నాలుక మీద పెట్టుకున్నా, ఒకటే ఉప్పు! పీల్చిన ఉప్పుని నీళ్లతో పాటు ఆకుల్లోనే దాచుకుంటుందది. కాలవ గట్టున ఉన్న మడచెట్టు అలా కాదు, ఆకుల మీదకి కక్కేస్తుంది. వేలితో రాస్తే గరుగ్గా తగిలింది.

మడచెట్ల మొదళ్లు రోజూ పోటుకి తడుస్తాయి. వాటి వెనక కాస్త ఎత్తున ఉన్న పర్రకి నీళ్లెక్కేది ఎక్కువగా అమావాస్యకీ పౌర్ణమికీ. మేం వెళ్లేసరికి నీళ్లు అప్పుడే దిగాయి. బురద మీద చిన్న పీతలు ఒంటి డెక్క ఊపుతూ నిలబడ్డాయి. అడుగు వేశామో లేదో, అన్నీ బొరియల్లోకి! ఆ బొరియల్లోంచే మట్టికి కాస్త గాలి అందేది. అడుగున మాత్రం నల్ల బురద, కుళ్లిన గుడ్డు కంపు. గాలాడని ఆ బురదలో ఆకులూ వేళ్లూ పూర్తిగా కుళ్లవు, వాటి కార్బన్ వందల ఏళ్లు అక్కడే ఉండిపోతుంది. బావ ముక్కు మూసుకునే విన్నాడు.

"ఏం పడ్డాయి బాబాయ్?" అంటే, కాలవలో విసురువల వేస్తున్న పెద్దాయన చిన్న రొయ్యలు చూపించాడు. "ఇంకా పిల్లలే, పెద్దయ్యాక సముద్రంలోకి పోతాయి." టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో, పిల్లలు పెరిగేది ఇలాంటి కాలవల్లో.

1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ ఇది. ఉప్పెనని ఆపడం పర్ర వల్ల కాదు గానీ, అలల జోరు కొంత తగ్గిస్తుంది. అది నిలబడాలంటే ఒండ్రు రావాలి. ఆ ఒండ్రు చాలావరకు శ్రీశైలం, సాగర్ వెనకే ఆగిపోతోంది. పైగా రొయ్యల చెరువు కోసం గట్టు వేస్తే పోటు నీళ్లూ రావు. మడ అడవి గురించైతే మాట్లాడేవాళ్లున్నారు, పర్రని అడిగేవాళ్లే లేరు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్లో, కాపాడాల్సిన వాటి జాబితాలో రెండూ ఒకే వరసలో ఉన్నాయి మరి.

వెళ్తే పాత చెప్పులతో, నీళ్లు దిగే వేళకి వెళ్లండి. పోటు మీదుంటే పీతలు కనిపించవు.