కాంట్రాక్టు సెప్టెంబరు 30 దాకా, డెలివరీ సెప్టెంబరు 25న

నా ఆర్డరు కాపీలో ఉద్యోగం ముగిసే తేదీ 2024 సెప్టెంబరు 30. స్కానింగ్ రిపోర్టులో డెలివరీ తేదీ 2024 సెప్టెంబరు 25. ఈ రెండూ పక్కపక్కన పడటమే నా మెటర్నిటీ లీవు తలనొప్పికి మూలం. ఒక్క నెల అటో ఇటో అయ్యుంటే ఈ కథ రాసే పని ఉండేది కాదేమో.

తిరుపతిలో బైపాస్ రోడ్డు పక్కన ఒక ఆఫీసులో 2023 నవంబరు 1న చేరాను. ఆసుపత్రుల బిల్లులు, ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే పని. 60 మంది దాకా ఉంటాం. జీతం 24,000. పర్మినెంటు కాదు, 11 నెలల కాంట్రాక్టు. అక్కడ సగం మందిది ఇదే పద్ధతి. గడువు అయ్యాక బాగా చేసినవాళ్ళకు మళ్ళీ 11 నెలలు రాసిస్తారు. చేరేటప్పుడు ఆ కాగితం నేను పూర్తిగా చదవలేదు. జీతం ఎంతో చూసి, కింద సంతకం పెట్టి వచ్చాను.

జనవరి చివర్లో టెస్టులో రెండు గీతలు కనిపించాయి. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నాకు మాత్రం సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. చేరి మూడు నెలలు కూడా కాలేదు. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పొద్దంది అమ్మ. ఆఫీసులో నేనూ అదే పాటించాను. పొద్దున కొర్లగుంట నుంచి షేర్ ఆటోలో వెళ్ళేసరికే కడుపులో తిప్పేది. మధ్యాహ్నం క్యాంటీన్లో సాంబారు మూత తీస్తే చాలు, బాత్రూముకు పరుగు. నాకంటే ముందు మా టీమ్ లీడ్ అక్కకే అర్థమైపోయింది. ఏమీ అడగకుండా నా సీటు కిటికీ పక్కకు మార్పించింది.

ఏప్రిల్ మొదటి వారంలో హెచ్.ఆర్.కు చెప్పాను. ఆయన మొదటి మాట, "ఇంటర్వ్యూలో చెప్పలేదే?" ఇంటర్వ్యూ జరిగింది అక్టోబరులో. అప్పటికి నాకే లేని సంగతి ఆయనకేం చెప్పను? రెండో మాట, "కాంట్రాక్టు వాళ్ళకు మెటర్నిటీ లీవు ఉండదమ్మా." మూడో రోజు ఆ మాటే కాస్త మారి మెయిల్లో వచ్చింది. లీవు పెట్టుకోవచ్చట, కానీ సెప్టెంబరు 30 దాకానే జీతం, ఆ తర్వాత కాంట్రాక్టే ఉండదు కాబట్టి జీతమూ ఉండదట. ఆ మెయిల్ వచ్చిన రోజు ఏడ్చాను గానీ, తర్వాత నా చేతికి దొరికిన మొదటి ఆధారం అదే.

లెక్క వేసుకున్నాను. మెటర్నిటీ బెనిఫిట్ చట్టానికి 2017లో వచ్చిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు బిడ్డల వరకూ 26 వారాల జీతంతో కూడిన సెలవు. అందులో డెలివరీకి ముందు 8 వారాల దాకా తీసుకోవచ్చు. ఆగస్టు 1 నుంచి మొదలుపెడితే 182 రోజులు, అంటే 2025 జనవరి 29 దాకా. కంపెనీ ఇస్తానన్నది 61 రోజులు. మిగిలినవి 121. దాదాపు నాలుగు నెలల జీతం, 96,000 దాకా. మా ఆయనది బైకు షోరూములో ఉద్యోగం. మా ఇంటి లెక్కలో 96,000 అంటే చిన్న మాట కాదు.

నా పక్క సీటు అమ్మాయికి జీతం 19,000. 21,000 లోపు జీతం వాళ్ళకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, కోత ఉంటుంది కాబట్టి అర్హత ఉంటే ఆమెకు డబ్బు ఈఎస్ఐ నుంచే వస్తుంది, కంపెనీ జేబు కదలదు. నా జీతం ఆ గీత దాటింది. అందుకని నాకు ఇవ్వాల్సింది కంపెనీయే. అంత బిగదీయడం ఎందుకో అప్పుడు అర్థమైంది.

మే నెలలో నన్ను గదిలోకి పిలిచారు. ఊళ్ళో ఒక పక్క ఎన్నికల హడావిడి, ఇంకో పక్క గంగ జాతర. హెచ్.ఆర్. ఎదురుగా కూర్చుని చాలా మర్యాదగా మాట్లాడాడు. జూన్ చివర్లో రాజీనామా ఇస్తే ఒక నెల జీతం అదనంగా ఇస్తారట, మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తారట, "బిడ్డ పెద్దయ్యాక మళ్ళీ రావచ్చు" అట. కాగితం టైపు చేసి సిద్ధంగా పెట్టారు, నా పేరుతో సహా. జాతరలో బండ వేషం కట్టుకుని ఉంటే ఎవరినైనా ఏమైనా తిట్టవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ఆ వారం నాకు ఆ వేషం మీద బాగా మనసుపోయింది. నోట మాత్రం, "ఇంట్లో అడిగి చెప్తాను సార్" అనే వచ్చింది.

నిజం చెప్పాలంటే సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను. ఐదో నెల, కాళ్ళ వాపు, ఎండలు. గొడవ పెట్టుకుంటే వేరే చోట కూడా ఉద్యోగం రాదేమోనని భయం. మా ఎదురింట్లో టెలిఫోన్స్‌లో రిటైరైన పెద్దాయన ఉన్నారు. యూనియన్లో తిరిగిన మనిషి. సాయంత్రం మా అత్తమ్మ ఆయన దగ్గర ఈ విషయం కదిపింది. ఆయన అడిగింది ఒక్కటే.

"సంతకం పెట్నావా పాపా?"

"లేదు మామా."

"అయితే ఇంకేముండాది, పో, కోర్టు కాడికి పొయ్యి అడుగు."

కోర్టు అనగానే మా అత్తమ్మ అడ్డం పడింది. కడుపుతో ఉన్న పిల్ల కోర్టు మెట్లు ఎక్కడమేందని ఆమె బాధ. కేసు కాదు, సలహా అని ఆయనే సర్దిచెప్పారు. తిరుపతి కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార సమితి ఉంది. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలు సాయం దొరుకుతుంది. నాకు ఆ ముక్క అప్పటిదాకా తెలియదు. ఒక దరఖాస్తు నింపాను, ఆధార్ జిరాక్సు పెట్టాను. వారం తర్వాత ఒక వకీలు మేడమ్ దగ్గరికి పంపారు.

ఆ మేడమ్ ముందు నా ఆర్డరు కాపీ అడిగారు. పెన్నుతో గీతలు పెడుతూ మొత్తం చదివారు. నేను చేరిన రోజున చేయాల్సిన పని అది. తర్వాత వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. డెలివరీ తేదీకి వెనక 12 నెలల్లో 80 రోజులు పని చేసి ఉండాలి. నవంబరు నుంచి జూలై దాకా చూస్తే నాకు దానికి రెట్టింపు పైనే ఉన్నాయి. పర్మినెంటా, కాంట్రాక్టా అని చట్టం అడగదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో దినకూలీ మీద మస్టర్ రోల్లో పనిచేసే ఆడవాళ్ళకు కూడా ఈ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

"నాది అది కాదు మేడమ్, మధ్యలో కాంట్రాక్టు అయిపోతుంది" అన్నాను.

అప్పుడు ఆమె కవితా యాదవ్ కేసు చెప్పారు. వింటుంటే నా కథే చెప్తున్నట్టు అనిపించింది. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఆమె కాంట్రాక్టు డాక్టరు. 2017 జూన్ 1 నుంచి సెలవు అడిగారు. కాంట్రాక్టు గడువు జూన్ 11. ఆసుపత్రి 11 రోజులకే జీతం ఇస్తామంది. ట్రిబ్యునల్లో ఓడిపోయారు, హైకోర్టులో ఓడిపోయారు. 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు ఆమె వైపు తీర్పు ఇచ్చింది. కాంట్రాక్టు ఉండగా అర్హత వచ్చేస్తే, గడువు ముగిసినా ఆ ప్రయోజనం మొత్తం ఇవ్వాలని. చట్టానికి విరుద్ధంగా కాంట్రాక్టులో ఏం రాసుకున్నా చెల్లదని 27వ సెక్షన్లోనే ఉంది. తీర్పు ఇచ్చిన ముగ్గురిలో జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి గారు మన మదనపల్లె వారని కూడా ఆమే చెప్పారు. దానికీ నా కేసుకూ సంబంధం లేదు గానీ, నాకెందుకో ధైర్యం వచ్చింది.

ఆమె ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు. ఈ తీర్పు డబ్బు ఇప్పిస్తుంది, సెలవు రోజుల లెక్క ఇప్పిస్తుంది. కాంట్రాక్టు పొడిగించమని చెప్పదు. "రెన్యువల్ మీద ఆశ పెట్టుకోవద్దు" అన్నారు. ఆ రోజు ఆ మాట చేదుగా అనిపించింది.

జూలై 1న నోటీసు పంపాను. ఫలానా తేదీ నుంచి సెలవు, డెలివరీ తేదీ ఇది, డబ్బు నా ఖాతాలో వేయండి, డాక్టరు సర్టిఫికెట్ జత చేశాను, అంతే. ఒకటిన్నర పేజీ. కోపం ఎక్కడా లేదు. నేను రాసుకుపోయిన కాగితంలో ఉన్న కోపమంతా మేడమ్ కొట్టేశారు. మెయిల్లోనూ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపమన్నారు. అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు నాలుగో రోజు తిరిగొచ్చింది, కంపెనీ ముద్రతో. ఆ కార్డును మా ఆయన దేవుడి పటం వెనక దాచాడు.

మూడు వారాలు జవాబు లేదు. ఆఫీసులో మాత్రం నాతో మాట్లాడే వాళ్ళు తగ్గారు. టీమ్ లీడ్ అక్క ఒక్కతే ఎప్పటిలా ఉండేది. జూలై చివర్లో హెచ్.ఆర్. ఒక లెక్క పంపాడు, అదీ సెప్టెంబరు 30 దాకానే. పైగా అందులో ఆదివారాలు తీసేశారు. వారానికి ఆరు రోజులే పని కాబట్టి ఆరు రోజులకే డబ్బు అని. దీనికి కూడా పాత తీర్పు ఉందని మేడమ్ నవ్వారు. 1977లో, కోయంబత్తూరు లేబర్ కోర్టు నుంచి వెళ్ళిన ఒక తోట కూలీ కేసు. వారం అంటే ఏడు రోజులే, ఆదివారంతో కలిపి, అని సుప్రీంకోర్టు అప్పుడే తేల్చింది. నేను పుట్టకముందే ఎవరో తోటలో పనిచేసే ఆమె నా ఆదివారాల కోసం కొట్లాడి పెట్టింది.

ఇక లేబర్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చాం. దానికి ఫీజు లేదు. ఫిర్యాదుకు ఆర్డరు కాపీ, హెచ్.ఆర్. మెయిల్, నోటీసు కాపీ, పోస్టు కార్డు జిరాక్సు, ఆరు నెలల పే స్లిప్పులు జత చేశాం. ఆగస్టు మూడో వారంలో ఇద్దరినీ పిలిచారు. నాకు ఎనిమిదో నెల దాటింది. మేడ మీద ఆఫీసు. మా ఆయన ఒక చేత్తో నన్ను, ఒక చేత్తో ఫైలును పట్టుకుని ఎక్కించాడు. కంపెనీ తరఫున హెచ్.ఆర్., ఆయనతో ఒక కన్సల్టెంటు వచ్చారు. కన్సల్టెంటు పది నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాడు. ఆఫీసరు విని రెండు ప్రశ్నలు వేశారు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ ప్రయోజనాల గురించి ఈమెకు రాతపూర్వకంగా చెప్పారా? చట్టం సారాంశం ఆఫీసులో తెలుగులో అంటించారా? రెండూ లేవు. "సరే, ఇవ్వబోమని కారణంతో సహా రాసి ఇవ్వండి" అన్నారు. కన్సల్టెంటు గొంతు అక్కడ తగ్గింది. టైము అడిగారు. ఆ గదిలో నేను మాట్లాడింది పేరు, చేరిన తేదీ మాత్రమే.

పది రోజులకు మెయిల్ వచ్చింది. "ప్రత్యేక సందర్భంగా పరిగణించి" 26 వారాలూ ఇస్తామని. ప్రత్యేకం ఏమీ లేదు, అయినా ఆ మాట వాళ్ళకే వదిలేశాను. డెలివరీకి ముందు రోజుల డబ్బు ముందుగానే ఇవ్వాలి, మిగిలింది బిడ్డ పుట్టిన రుజువు ఇచ్చిన 48 గంటల్లో ఇవ్వాలి అని చట్టం. మొదటి విడత సెప్టెంబరు మొదట్లో పడింది. పాప సెప్టెంబరు 19న పుట్టింది, డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఆరు రోజుల ముందు. రుజువు మా ఆయన మెయిల్ చేశాడు. డబ్బు 48 గంటల్లో రాలేదు, 23 రోజులు పట్టింది. రెండుసార్లు గుర్తు చేశాం. కంపెనీ ఉచితంగా వైద్యం ఇవ్వకపోతే రావాల్సిన 3,500 మెడికల్ బోనస్ అందులో లేదు. అది మూడోసారి మెయిల్ పెట్టాక వచ్చింది.

2025 నవంబరు 21 నుంచి ఈ మెటర్నిటీ బెనిఫిట్ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. 80 రోజులు, 26 వారాలు అలాగే ఉన్నాయి. సెక్షన్ నంబర్లు మాత్రం మారాయి. కాబట్టి నా నోటీసు కాపీ అడిగేవాళ్ళకు నేను పాత నంబర్లు కొట్టేసి ఇస్తున్నాను.

కాంట్రాక్టు రెన్యువల్ చేయలేదు. మేడమ్ చెప్పినట్టే జరిగింది. అక్టోబరులో రిలీవింగ్ లెటర్ పోస్టులో వచ్చింది. పాపను ఒళ్ళో పెట్టుకుని చదివాను, ఈసారి పై నుంచి కింద దాకా. ఉద్యోగం మానిన కారణం దగ్గర "స్వచ్ఛంద రాజీనామా" అని ఉంది. ఎర్ర పెన్నుతో దాని కింద గీత గీసి, ఫోటో తీసి వెనక్కి పంపాను. నవంబరు 11న రెండో లెటర్ వచ్చింది. అందులో "కాంట్రాక్టు గడువు ముగిసింది" అని ఉంది.