పాపను సైకిలెక్కించే ముందు

నేను నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. పొద్దున్నే మూడేళ్ళ పాపను సైకిల్ వెనక సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, డేకేర్‌లో దించి అట్నుంచి అటే ఆఫీసుకు పోతాను. నెల్లూరులో మా వాళ్ళకు ఈ సంగతి ఇంకా మింగుడు పడలేదు. "పసిబిడ్డను సైకిలెక్కించి రోడ్డు మీదికి పోతావా? ఒక కారు కొనుక్కోరాదా?" అని ఫోన్ చేసినప్పుడల్లా అమ్మ అడుగుతుంది. అమ్మ భయానికి కారణం ఉంది. ఆమెకు తెలిసిన రోడ్డు మద్రాసు బస్టాండు ముందు రోడ్డు. బస్సు, ఆటో, లారీ, బుల్లెట్టు, తోపుడు బండి అన్నీ ఒకే తారు మీద, ఎవరికి దొరికిన సందులో వాళ్ళు. ఆ రోడ్డు మీద పాపను కూర్చోబెట్టుకుని తొక్కమంటే నేనూ తొక్కను.

ఇక్కడ ఉద్యోగం చేసే అమ్మానాన్నల రోజు డేకేర్ టైముల చుట్టూనే తిరుగుతుంది. సాయంత్రం ఆరున్నర కల్లా బిడ్డను తెచ్చుకోవాలి. ఐదు కాగానే మా మేనేజరే అందరికంటే ముందు లేస్తాడు, ఆయనకూ ఇద్దరు చిన్నపిల్లలు. లేచి వెళ్ళినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. కారులో పోతే పార్కింగ్ వెతుక్కోవడానికే టైమంతా పోతుంది, దాని ఖర్చు వేరే. సైకిల్ అయితే ఏ నిమిషానికి చేరతానో కచ్చితంగా తెలుసు. ఉద్యోగం చేసే తల్లికి అది చిన్న విషయం కాదు.

అయితే టైము కలిసొస్తుందని బిడ్డ ప్రాణం పణంగా పెట్టలేం. సైకిల్ మీద బిడ్డ క్షేమం చాలావరకు రోడ్డు చేతిలో ఉంటుంది. మా దారిలో చాలా దూరం సైకిళ్ళకు విడిగా ఎర్ర తారు బాట ఉంది. దానికీ కార్ల రోడ్డుకూ మధ్య గడ్డో, చెట్లో, ఎత్తు గట్టో అడ్డం ఉంటుంది. విడి బాట లేని వీధుల్లో కార్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు. బోర్డు పాతి ఊరుకోరు. వీధిని ఇరుకు చేస్తారు, ఇటుకలు పరుస్తారు, మధ్యలో ఎత్తులు పెడతారు, వేగంగా పోదామనుకున్నా కుదరదు. కొన్ని వీధుల్లోనైతే ఇది సైకిళ్ళ వీధి, కారు ఇక్కడ అతిథి అని బోర్డే ఉంటుంది. పక్క వీధిలోంచి పెద్ద రోడ్డులోకి వచ్చే కారు చాలాచోట్ల మా బాట ఎత్తుకు ఎక్కి దిగాలి, కాబట్టి డ్రైవరు ఆగినంత పని చేసి చూసుకుని వస్తాడు.

30కీ 50కీ తేడా ఇరవయ్యే కదా అనిపించొచ్చు. బండి బరువు అదే అయినా, వేగం పెరిగితే దాని శక్తి వేగం వర్గం లెక్కన పెరుగుతుంది. 50తో వచ్చే కారులో 30తో వచ్చేదానికంటే దాదాపు 2.8 రెట్లు శక్తి ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2023 డిసెంబరు 8 నుంచి ఊళ్ళో చాలా రోడ్లకు 30 పరిమితి పెట్టారు. చట్టం కూడా పిల్లల వైపే నిలబడుతుంది. సైకిల్ మీదో కాలినడకనో ఉన్న 14 ఏళ్ళ లోపు బిడ్డను కారు గుద్దితే, బిడ్డదే పొరపాటైనా, నష్టపరిహారం దాదాపు ఎప్పుడూ కారు వైపు వాళ్ళే పూర్తిగా ఇచ్చుకోవాలి.

ఇదంతా డచ్ వాళ్ళకు పుట్టుకతో వచ్చిందని, మన దగ్గర జరిగే పని కాదని మా ఆఫీసులో తెలుగువాళ్ళే అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. యుద్ధం తర్వాత ఇక్కడా కార్లు పెరిగి సైకిళ్ళు వెనక్కి పోయాయి. 1971 ఒక్క ఏడాదిలోనే ఇంత చిన్న దేశంలో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, వాళ్ళలో 400 మందికి పైగా పిల్లలు. కూతుర్ని అలా పోగొట్టుకున్న విక్ లాంగెన్‌హోఫ్ అనే జర్నలిస్టు 1972లో 'పిల్లల హత్యలు ఆపండి' అని పత్రికలో రాశాడు. ఆ పేరుతోనే ఉద్యమం లేచింది. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని వీధుల్లోకి వచ్చారు, రోడ్లకు అడ్డం కూర్చున్నారు. 1973లో చమురు సంక్షోభం వచ్చి కొన్ని ఆదివారాలు కార్లు ఆపేస్తే, కార్లు లేని రోడ్డు ఎలా ఉంటుందో జనం కళ్ళారా చూశారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఒక్కో వీధినీ, ఒక్కో కూడలినీ మళ్ళీ కట్టుకుంటూ వచ్చారు. అడిగి తెచ్చుకున్న రోడ్లివి, ఎవరూ ఊరికే ఇవ్వలేదు. 2023లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 684 మంది. వాళ్ళలో 270 మంది సైకిల్ మీద ఉన్నవాళ్ళు, ఎక్కువమంది పెద్ద వయసువాళ్ళు. కాబట్టి ఇక్కడ అసలు ప్రమాదమే లేదని నేననను.

ఇక బండి సంగతి. 8 ఏళ్ళ లోపు పిల్లలను ఎక్కించుకుంటే వీపుకు, చేతులకు, కాళ్ళకు ఆసరా ఉన్న సీటు ఉండాలని ఇక్కడి నియమం. సుమారు 9 నెలలు నిండి, ఆసరా లేకుండా తనంతట తాను నిటారుగా కూర్చోగలిగే బిడ్డనే సీట్లో పెట్టాలి. ముందుపక్క హ్యాండిల్ దగ్గర బిగించే సీటు మామూలుగా 15 కిలోల దాకా, వెనక సీటు 22 కిలోల దాకా మోస్తుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కాళ్ళు. ఉత్త క్యారియర్ మీద కూర్చున్న బిడ్డ నిద్రలోకి జారినా, పక్కకు చూసినా, కాలు చక్రం పుల్లల్లోకి పోతుంది. మడమ దగ్గర చర్మం లేచిపోతుంది, ఎముక కూడా విరగొచ్చు. మా వైపు ఈ మచ్చ ఉన్న కాళ్ళు నేను చాలా చూశాను. మంచి సీటుకు పాదాలు పెట్టుకునే చోటు, కట్టేసే పట్టీలు ఉంటాయి. చక్రానికి రెండు పక్కలా మూత కూడా ఉంటే మన చున్నీ, కొంగు కూడా లోపలికి పోవు.

తర్వాత స్టాండు. నడిచే సైకిల్ కంటే ఆగి ఉన్న సైకిల్ దగ్గరే మనం ఏమరుపాటుగా ఉంటాం. బిడ్డను సీట్లో వదిలి తాళం కోసం బ్యాగు వెతుకుతుంటే, బిడ్డ ఒక పక్కకు వంగినా చాలు, సైకిల్ మొత్తం పడిపోతుంది. సీటు ఎత్తు నుంచి, అదీ బెల్టుతో కట్టేసి ఉండగా పడటం అంటే తల నేరుగా నేలకు తగలడమే. రెండు కాళ్ళ స్టాండైనా సరే, బిడ్డ పైన ఉన్నంతసేపూ నా చెయ్యి సైకిల్ మీదే ఉంటుంది. బ్యాగులన్నీ పెట్టాక ఆఖర్న పాప, దిగేటప్పుడు అందరికంటే ముందు పాప.

హెల్మెట్ ఇక్కడ చట్టం అడగదు, చాలామంది పెట్టుకోరు. మా పక్కింటావిడకైతే నేను పాపకు పెట్టడం వింతగా ఉంటుంది. నేను మాత్రం మానను. రోడ్డు ఎంత మంచిదైనా తడి ఆకుల మీద చక్రం జారుతుంది. కొనేటప్పుడు వెనక చదునుగా ఉన్నది చూసుకోవాలి, ఉబ్బుగా ఉంటే సీటుకు తగిలి తలను ముందుకు నెట్టేస్తుంది. చలి గురించి కూడా ఒక మాట. తొక్కే మనకు చెమట పడుతుంటే కదలకుండా కూర్చున్న బిడ్డ వణుకుతుంటుంది. మనకు వేడిగా ఉంది కదా అని బిడ్డ స్వెట్టరు తీసేయకూడదు.

ముందు పెద్ద పెట్టె ఉన్న సైకిళ్ళూ ఉన్నాయి, ఇద్దరు ముగ్గురు పిల్లలు పడతారు. బ్యాటరీవి వేల యూరోలు. ఖరీదును చూసి నమ్మడానికి లేదు. 2024లో ఒక పేరున్న కంపెనీ బండ్లకు ఫ్రేములు విరుగుతున్నాయని ప్రభుత్వం అమ్మకాలు ఆపించింది.

లారీ పక్కన నేనెప్పుడూ ఆగను. ఇక్కడ బళ్ళు రోడ్డుకు కుడి పక్క నడుస్తాయి, కుడికి తిరిగే లారీ డ్రైవరుకు తన కుడి పక్కనే ఆనుకుని ఉన్న సైకిల్ కనబడకపోవచ్చు. ఇక్కడి బడుల్లో ఆవరణలోకి లారీ తెప్పించి, పిల్లలను డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఏ మేర కనబడదో చూపిస్తారు. మన దగ్గర ఎడమకు తిరిగే బస్సు, లారీ పక్కన ఇదే ప్రమాదం. నెల్లూరులో ఇది పిల్లలకు నేర్పే బడి నేను చూడలేదు, నేర్పితే ఖర్చు కూడా ఏమీ కాదు.

మా చెల్లెలు నెల్లూరులోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. యూకేజీ చదివే కొడుకును సైకిల్ మీదే తనతో తీసుకుపోతుంది. మరిదికి ఇది నచ్చదు, స్కూటర్ మీద తానే దింపుతానంటాడు. ఆ స్కూటర్ మీద బాబు ముందు నిలబడతాడు, బ్రేకు గట్టిగా వేస్తే వాడి గడ్డం నేరుగా హ్యాండిల్‌కే. పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు మరిదితో దీని గురించి చాలాసేపు మాట్లాడాను. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన నియమం ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లలను మోటార్ సైకిల్ మీద తీసుకుపోతే నడిపేవాళ్ళకు కలిపి కట్టే బెల్టు ఉండాలి, 9 నెలలు దాటిన బిడ్డకు హెల్మెట్ ఉండాలి, సైకిల్ హెల్మెట్ అయినా చెల్లుతుంది, వేగం 40 దాటకూడదు. 2023 ఫిబ్రవరి నుంచి ఇది అమల్లో ఉంది. "మా వాడికి ఐదు నిండాయి గదా వదినా" అన్నాడు మరిది. ఐదు నిండితే తల గట్టిపడుతుందా అని అడిగాను. మర్నాడే బాబును వెనక కూర్చోబెట్టాడు, హెల్మెట్ కూడా తెచ్చాడు.

చెల్లెలి సైకిల్ దారి నేనూ నడిచి చూశాను. "గల్లీల్లో నాకేం భయం లేదక్కా, అండర్‌బ్రిడ్జి కాడే టెన్షన్" అంది. నెల్లూరును రైలుకట్ట నిలువునా చీలుస్తుంది. ఇల్లు ఒక పక్క, బడి ఇంకో పక్క అయినవాళ్ళకు అండర్‌బ్రిడ్జి తప్పదు. ఎంత మంచి గల్లీలు వెతుక్కున్నా చివరికి అన్ని బళ్ళూ ఆ ఒక్క ఇరుకులోకే దిగాలి. వాన గట్టిగా కురిస్తే మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జి లాంటి చోట్ల నీళ్ళు నిలబడి అసలు దారే ఉండదు. అందుకని అక్కడికి రాగానే దిగి, బాబును గోడ వైపు నడిపిస్తూ సైకిల్‌ను తోసుకుపోవడం మొదలుపెట్టింది. దానికోసం ఇంటి నుంచి ముందే బయలుదేరుతుంది. బడి ఆటోలు ఒక్కసారిగా వచ్చిపడే టైము కూడా తప్పుతుంది.

సైకిల్ షాపులో క్యారియర్ మీద వీపు ఉన్న సీటు బిగించారు. పాదాలు పెట్టుకోవడానికి ఇనుప రేకులు వెల్డింగ్ షాపులో పెట్టించాం, చక్రం రెండు పక్కలా గట్టి ప్లాస్టిక్ వల కట్టించాం. ఒంగోలులో మా మామగారు కడ్డీ మీద చిన్న సీటు పెట్టి పిల్లలను బడికి తీసుకుపోయేవారు. ఆయన చూసి, మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా, రోడ్డు ఖాళీగా ఉండేది అన్నారు. నిజమే. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అక్కర్లేనివన్నీ ఇప్పుడు కావాలి.

కానీ వెల్డింగ్ షాపు అండర్‌బ్రిడ్జిని బాగుచేయలేదు. చెల్లెలు, ఆ బడి పిలకాయల అమ్మలు కొందరు కలిసి అర్జీ రాశారు. బడి ముందు వీధిలో రెండు స్పీడ్ బ్రేకర్లు, రాత్రి కూడా కనబడేలా వాటికి తెల్ల రంగు. పొద్దున బడి టైములో, సాయంత్రం వదిలే టైములో ఆ వీధిలోకి లారీలు, ఇసుక ట్రాక్టర్లు రాకుండా ఆపడం. అండర్‌బ్రిడ్జిలో ఒక పక్కన నడిచేవాళ్ళకు ఇనుప పైపుల కంచె. మున్సిపల్ ఆఫీసులో ఒక కాపీ, ట్రాఫిక్ పోలీసులకు ఒక కాపీ ఇచ్చారు. ఇంకా జవాబు రాలేదు. వచ్చే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో మళ్ళీ ఇస్తామంటోంది. ఈసారి నాన్నలను కూడా వెంటబెట్టుకుపొమ్మని చెప్పాను, మరిది వస్తానన్నాడట.